ఉద్దానం పరిశోధనల్లో పనిచేసిన ఆడవాళ్ల పేర్లు ఎక్కడ? – ఒక బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లాలో ఆరోగ్య పరిశోధనలు జరిపిస్తున్న సంస్థల అధిపతులకు, ప్రధాన పరిశోధకులకు, ఆ పరిశోధనలకు అనుమతులిచ్చే ఎథిక్స్ కమిటీల సభ్యులకు, జిల్లా అధికార యంత్రాంగానికి

అయ్యా, అమ్మా,

నమస్కారం. విజ్ఞానశాస్త్ర రంగంలోని మహిళల కోసం, బాలికల కోసం ఐక్యరాజ్యసమితి 2015 డిసెంబరులో ఒక రోజును కేటాయించింది. 2016 నుంచి ఏటా ఫిబ్రవరి 11న దాన్ని జరుపుకుంటున్నారు. ఆ తర్వాత ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవం, మరో వారానికి మార్చి 8 వస్తాయి. ఈ మూడింటికీ మన జిల్లాలోనూ సభలు జరుగుతాయి, మేరీ క్యూరీ బొమ్మతో ఫ్లెక్సీ కడతారు, ముఖ్య అతిథి మాట్లాడతారు. అందులో మాకు అభ్యంతరమేమీ లేదు. ఆ సభలకు మమ్మల్నీ పిలుస్తారు. వచ్చినవారి సంతకాలు తీసుకోవడానికి, టిఫిన్ పొట్లాలు పంచడానికి పిలుస్తారు.

మేము కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల వ్యాధి మీద జరిగిన సర్వేల్లో, పరిశోధనల్లో ఇల్లిల్లూ తిరిగి పనిచేసిన ఆడవాళ్లం. మాలో డీఎంఎల్‌టీ చదివిన ల్యాబ్ టెక్నీషియన్లున్నారు, బీఎస్సీ పూర్తి చేసి కాంట్రాక్టు మీద చేరినవారున్నారు, ఉన్న పనికి తోడు ఈ పని కూడా నెత్తిన పడిన ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు ఉన్నారు. మాలో కొందరు కిందటి ఏడాది తాము పనిచేసిన ఒక ప్రాజెక్టు నిర్వాహకులకు, తమకు రావలసిన బకాయిలు కూడా రాసి, అర్జీ పెట్టుకున్నారు. అందినట్టు ముద్ర వేసిన నకలు మా దగ్గర భద్రంగా ఉంది, జవాబు మాత్రం ఇప్పటికీ రాలేదు. మళ్లీ వెళ్లి అడిగితే ‘ప్రాజెక్టు అయిపోయింది కదమ్మా’ అన్నారు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఈ తీరు ఆ ఒక్కరిదే కాదు, రేపు కొత్తగా వచ్చే ప్రాజెక్టూ ఇదే దారిలో నడిచేలా ఉంది. అందుకే ఈ మాటలు అందరి ముందూ పెడుతున్నాం.

ముందుగా విషయం తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఈ మండలాలున్న ఉద్దానం ప్రాంతంలో రెండు దశాబ్దాలకు పైగా మూత్రపిండాల జబ్బు మనుషులను పొట్టన పెట్టుకుంటోంది. షుగరు లేనివాళ్లు, బీపీ లేనివాళ్లు, కొబ్బరి తోటల్లోనూ జీడి తోటల్లోనూ ఒళ్లు వంచి పనిచేసినవాళ్లు నడివయసులోనే డయాలసిస్ మంచమెక్కుతున్నారు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులకు, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల్లో చెరకు కూలీలకు వస్తున్న జబ్బుతో దీన్ని పోల్చి చూస్తున్నారు. ఎండలో గంటల తరబడి పని, ఒంట్లో నీరు తగ్గిపోవడం, భూగర్భ జలాల్లోని ఖనిజాలు, పురుగుమందులు, అతిగా వాడే నొప్పి బిళ్లలు, పుట్టుకతో వచ్చే లక్షణాలు అంటూ అనుమానాలు చాలానే ఉన్నాయి గానీ అందరూ ఒప్పుకున్న కారణం ఇంతవరకు తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలైంది. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లను ఉద్దానం ఊళ్లకు తెచ్చే తాగునీటి పథకమూ వచ్చింది. ఇవి మేలైన పనులు, కాదనేవాళ్లెవరూ లేరు. కానీ కారణం తేలాలంటే పరిశోధన జరగాలి, పరిశోధన జరగాలంటే ఊళ్లలోని జనం నెత్తురు, మూత్రం ఇవ్వాలి, అడిగినదానికి నిజం చెప్పాలి. ఆ మూడూ మా చేతుల మీదుగానే జరుగుతాయి.

నమూనా సేకరణ అంటే సూది గుచ్చి ట్యూబు నింపడమేనని చాలామంది అనుకుంటారు, ప్రయోగశాలలో కూర్చునే కొందరు పెద్దలు కూడా అలాగే అనుకుంటారని మాకు అనుభవం. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందా అని చూడటానికి పొద్దున లేవగానే వచ్చే తొలి మూత్రం మేలు. పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో పనికి వెళ్లే ఆడవాళ్లు తెల్లారేలోపే ఇల్లు వదులుతారు గనుక అంతకంటే ముందే వాళ్ల గుమ్మంలో ఉండాలి. పసుపు మూత ట్యూబులో తీసిన రక్తాన్ని ఓ అరగంట నిలబెట్టి గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పి, సీరం అనే పై ద్రవాన్ని వేరు చేయాలి. మధ్యలో గోతుల రోడ్డు మీద ఆటో కుదుపులకు ఎర్రకణాలు పగిలాయంటే సీరం గులాబీ రంగుకు తిరుగుతుంది, పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అలాగని ట్యూబును ఐసు ప్యాకుకు నేరుగా ఆనించకూడదు, చలికి రక్తం ఘనీభవించినా నమూనా చెడినట్టే. అందుకే మధ్యలో దూదో గుడ్డో వేసి, పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాం. బార్‌కోడ్ చీటీ తడికి ఊడిపోతే ఆ మనిషి నమూనాకు విలువ ఉండదు, కాబట్టి ట్యూబు తుడిచి ఆరబెట్టాకే అంటించడం మాలో ఒకరు మిగతావారికి నేర్పిన పద్ధతి. ఏ శిక్షణ పుస్తకంలోనూ అది లేదు.

ఇక వయసు సంగతి. రక్తంలో ఉండే క్రియాటినిన్ అనే వ్యర్థం అంకె ఒక్కదానితో మూత్రపిండాల పనితీరు తెలియదు, దానికి వయసునూ, ఆడా మగా అన్నదానినీ జోడించి లెక్క కడతారు. వయసు పదేళ్లు తప్పుగా పడితే ఆ లెక్క దాదాపు ఆరు శాతం మారిపోతుంది. ఊళ్లలో పెద్దవాళ్లను పుట్టిన తేదీ అడిగితే ఆధార్ కార్డు తీసి చూపిస్తారు, అందులో చాలామందికి జనవరి 1 అనే ఉంటుంది, సంవత్సరం ఎవరో ఉజ్జాయింపుగా వేసినది. అప్పుడు మేము వాళ్ల పక్కన కూర్చుని, శ్రీకాకుళం జిల్లా విడిగా ఏర్పడిన 1950కి ముందు పుట్టారా తర్వాత పుట్టారా, గిరిజన రైతాంగ పోరాటం నాటికి పెళ్లయిందా, పెద్ద బిడ్డకు ఇప్పుడు ఎన్నేళ్లు అని ఒక్కొక్కటే అడిగి వయసు కడతాం. ఈ పనికి ఫారంలో ఉన్న చోటు రెండంకెల గడి, చెల్లించే కూలి సున్నా. ఇచ్ఛాపురం, కంచిలి వైపు కొన్ని ఇళ్లలో ఒడియా మాట్లాడాలి, మందస కొండల్లో సవర భాష తెలిసినవారిని వెంట తీసుకెళ్లాలి. చదువు రానివారి చేత సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేయించాలంటే, అందులో ఉన్నది చదివి వినిపించినట్టు ప్రాజెక్టుతో సంబంధం లేని అక్షరాస్యుడైన సాక్షి ఉండాలి. ఆ సాక్షిని వెతికి పట్టుకునేదీ మేమే.

పైగా ఒక్కసారితో అయ్యేది కాదు. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అని నిర్ధారించాలంటే పరీక్షలో కనిపించిన తేడా మూడు నెలలకు మించి నిలిచి ఉండాలి గనుక అదే ఇంటికి మళ్లీ వెళ్లి, అదే మనిషి నుంచి మళ్లీ నమూనా తీసుకోవాలి. రెండోసారి తలుపు తీయడమా మానడమా అన్నది మొదటిసారి వచ్చిన మనిషి ఎలా మసలుకుంది, ఇచ్చిన మాట నిలబెట్టుకుందా అన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఇంతా చేశాక, మేము పనిచేసిన ప్రాజెక్టు నుంచి వచ్చిన వ్యాసం చివర ‘క్షేత్ర సిబ్బందికి కృతజ్ఞతలు’ అని ఒక్క ముక్క కనిపించింది. పరికరాలు అమ్మిన కంపెనీ పేరు, ఊరితో సహా, అదే వ్యాసంలో పూర్తిగా ఉంది. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం రచయిత అనిపించుకోవడానికి నాలుగు షరతులు పెట్టింది, అవన్నీ తీరనివారిని రచయితలుగా రాయకూడదంది. ఆ సంగతి మాకు తెలుసు, వ్యాసంలో మొదటి పేరు మాది ఉండాలని మేము అడగలేదు. అయితే అదే నియమావళి, షరతులు తీరకపోయినా పనిచేసినవారిని వారి అనుమతితో, వారు చేసిన పనితో సహా కృతజ్ఞతల్లో పేర్కొనాలని కూడా చెబుతోంది. మొదటి సగం పాటించి రెండో సగం వదిలేయడం ఏ పద్ధతో మీరే చెప్పాలి.

ఈ అలవాటు ఇవాళ్టిది కాదు. 1985-86లో మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చదువుతున్న ఎస్. నిర్మల అనే విద్యార్థిని, తన ఆచార్యురాలు డాక్టర్ సునీతి సోలమన్ సూచన మీద, ఎవరూ దగ్గరకు వెళ్లని ఆడవాళ్ల మధ్యకు వెళ్లి, వాళ్లను ఒప్పించి రక్తం సేకరించింది. పరీక్షకు పంపేలోగా నమూనాలను సొంత ఇంట్లో ఫ్రిజ్‌లో దాచింది. వెల్లూరులో పరీక్షిస్తే, మన దేశంలో హెచ్‌ఐవీ ఉందని మొదటిసారి బయటపడింది ఆ నమూనాల వల్లే. ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు ఆమె పేరు జనానికి తెలియలేదు. అంతకు ముందు మాట చూస్తే, ఫిబ్రవరి 28న మనం ఎవరిని తలుచుకుని సైన్సు దినోత్సవం చేసుకుంటున్నామో ఆ సి.వి. రామన్ గారే, 1933లో కమలా సొహోనీ బెంగుళూరు సైన్సు సంస్థలో సీటు అడిగితే ఆడపిల్ల అని ముందు కాదన్నారు, ఆమె పట్టుబట్టాక షరతుల మీద చేర్చుకున్నారు. ఆమె 1939లో కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొందింది. రామన్ గారి గొప్పతనానికి దీనివల్ల వచ్చిన లోటేమీ లేదు, కానీ ఫిబ్రవరి సభల్లో ఈ సంగతి కూడా పిల్లలకు చెబితే బాగుంటుందని మా అభిప్రాయం. నేటికీ ప్రపంచ పరిశోధకుల్లో స్త్రీలు మూడోవంతు దగ్గరే ఉన్నారు, మన దేశంలో ఐదోవంతుకైనా చేరలేదు. ‘పరిశోధకులు’ అనే గడిలోకి మేము ఎటూ రాము కాబట్టి ఆ లెక్కలో కూడా మేము లేము.

మా గౌరవం గురించే ఈ లేఖ రాశామని అనుకోవద్దు. క్షేత్రంలో పనిచేసే ఆడవాళ్లను ఇలా చూడటం వల్ల ఉద్దానం జనానికి జరుగుతున్న నష్టం ఇదీ:

1. నమూనా ఇచ్చినవారికి ఫలితం అందడం లేదు. నెత్తురు తీసుకునేటప్పుడు ‘రిపోర్టు తెచ్చి ఇస్తాం’ అని మా నోటితో చెప్పిస్తారు, ఆ తర్వాత ట్యూబులు వెళ్లిపోతాయి, ప్రాజెక్టు గడువు ముగుస్తుంది, రిపోర్టు రాదు. ఫలితాలను పాల్గొన్నవారికి తెలియజేయాలని, మేలును సమాజంతో పంచుకోవాలని భారత వైద్య పరిశోధనా మండలి 2017 నాటి మార్గదర్శకాలు చెబుతున్నా, ఊరి బావి దగ్గర, సంతలో, బస్సులో ఎదురుపడి నిలదీసేది మమ్మల్నే. కవిటి దగ్గర ఒక పెద్దావిడ అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాం: ‘పోయినపాలి అట్టుకెల్లిన రగతం ఏటయినాదో సెప్పనేదు, మల్లీ వొచ్చినారేటమ్మా?’ ఆమె ఆ రోజు చెయ్యి చాచలేదు. ఆ వీధిలో మరి కొన్ని ఇళ్లవాళ్లు కూడా ఇవ్వలేదు. మూత్రపిండాల పనితీరు సగం తగ్గినా క్రియాటినిన్ పెద్దగా పెరగకపోవచ్చు, ఒంట్లో బాధ అసలే తెలియకపోవచ్చు. అలాంటివారు పరీక్షకు దూరమైతే జబ్బు సంగతి కాళ్లు వాచి, ఆయాసం వచ్చి ఆసుపత్రిలో పడ్డాకే బయటపడుతుంది. అప్పటికి చేయగలిగేది వారానికి రెండు మూడు సార్లు, సారికి నాలుగేసి గంటల డయాలసిస్. కూలి పోతుంది, వెంట వచ్చే ఇల్లాలి కూలీ పోతుంది.

2. రిపోర్టు అందిన చోట కూడా ఆడవారికి అన్యాయం జరుగుతోంది. చాలా రిపోర్టుల్లో క్రియాటినిన్ అంకె, పక్కన ‘నార్మల్’ హద్దు మాత్రమే ఉంటాయి. అరవై ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 1.2 ఉంటే, 2021లో సవరించిన సూత్రం ప్రకారం వడపోత అంచనా (మూత్రపిండాలు రక్తాన్ని ఏ మేరకు వడకడుతున్నాయో చెప్పే అంకె) 69 దాకా వస్తుంది. అదే వయసు ఆడమనిషికి అదే 1.2 ఉంటే అంచనా 52 దగ్గర ఆగుతుంది. 60 కంటే తక్కువ మూడు నెలలకు మించి ఉంటే దాన్ని జబ్బుగానే లెక్కించాలి. అంటే ఒకే కాగితం మీద ఒకే అంకె చూసి, మొగుడిని ‘నీకేం లేదు’ అని పంపినట్టే పెళ్లాన్నీ పంపించేస్తున్నారు. ఉద్దానంలో మగవారికే ఈ జబ్బు ఎక్కువని తేలిగ్గా అనేస్తారు, ఆడవారి లెక్క ఎంతమేరకు సరిగ్గా వేశారన్నది కూడా చూడమని మాలో ఒక టెక్నీషియన్ సమావేశంలో అడిగితే, ‘అది మీ పని కాదు’ అన్న జవాబు వచ్చింది.

3. ఆడవాళ్లు ఆడవాళ్లకే చెప్పుకునే సంగతులు సర్వే నుంచి జారిపోతున్నాయి. నెలసరి రోజుల్లో ఇచ్చిన మూత్రంలో రక్తం కలిసి పరీక్ష తప్పుతుంది, కనుక ముందే అడిగి, అవసరమైతే మరో వారం రమ్మనాలి. నడుము నొప్పికి, నెలసరి నొప్పికి దుకాణంలో కొనుక్కుని ఏళ్ల తరబడి మింగుతున్న బిళ్లల సంగతి ఎవరూ కొత్త మగమనిషికి చెప్పరు, ఫారంలో ‘లేదు’ అని పడుతుంది. పొలంలో మరుగు ఉండదని పనికి వెళ్లే రోజు నీళ్లు తాగడమే మానేసే ఆడవాళ్ల గురించి ఏ ప్రశ్నావళిలోనూ మాకు ప్రశ్న కనిపించలేదు. ఒంట్లో నీరు తగ్గడం ఈ జబ్బుకు ఒక కారణం కావచ్చునని అనుమానిస్తున్నప్పుడు, ఇంత ముఖ్యమైన విషయాన్ని అడగకపోవడం వింతే. ప్రశ్నావళి రాసేటప్పుడు మమ్మల్ని ఒక్క పూట కూర్చోబెట్టుకుని ఉంటే చెప్పేవాళ్లం.

4. జీతాలు నెలల తరబడి ఆగిపోవడం వల్ల అనుభవం ఉన్నవారు మధ్యలోనే మానేస్తున్నారు. మానేసినవారి స్థానంలో వచ్చిన కొత్తవారికి ఊరు తెలియదు, ఏ ఇంట్లో ఎవరికి ఏమైందో తెలియదు. మూడు నెలల తర్వాత రెండోసారి వెళ్లాల్సినప్పుడు తలుపులు మూసుకుంటున్నాయి. రెండో నమూనా లేకపోతే మొదటి నమూనా కోసం పడిన శ్రమంతా వృథా.

5. సూది ప్రమాదాలకు దిక్కులేదు. బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు 2016లోనే వైద్య సిబ్బందికి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని చెప్పాయి. మాలో కాంట్రాక్టు మీద ఉన్న చాలామందికి ఎవరూ వేయించలేదు. వాడిన సూదులు వేయడానికి గుచ్చుకోని తెల్ల డబ్బా ఇవ్వని రోజుల్లో, నీళ్ల సీసాలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఇంట్లో పిల్లలుంటారు.

6. కడుపుతో ఉన్న అమ్మాయి కాంట్రాక్టును ‘గడువు అయిపోయింది’ అంటూ పొడిగించకుండా ఆపేసిన సందర్భం మా మధ్యే ఉంది. ఒడియా ధారాళంగా మాట్లాడే మనిషి మా జట్టులో ఆమె ఒక్కతే. ఆమె వెళ్లాక సరిహద్దు ఊళ్లలో సమ్మతి పత్రం చదివి చెప్పింది ఎవరో, అక్కడి జనానికి ఏం అర్థమైందో సంబంధిత ఎథిక్స్ కమిటీ వారు విచారిస్తే మంచిది. కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనాలు ఇచ్చి తీరాలని 2023లో డాక్టర్ కవితా యాదవ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

వీటిని దృష్టిలో పెట్టుకుని మేము కోరేవి ఇవి. ఇందులో కొన్నింటికి డబ్బు కావాలి, చాలావాటికి అక్కర్లేదు.

1. ఇకపై ఈ జిల్లాలో జరిగే ఏ ఆరోగ్య పరిశోధనకైనా అనుమతి ఇచ్చే ముందు, పాల్గొన్న ప్రతి మనిషికీ ఫలితం ఏ భాషలో, ఎన్ని వారాల్లో, ఎవరి ద్వారా అందుతుందో రాతపూర్వకంగా చూపమని ఎథిక్స్ కమిటీలు అడగాలి. తెలుగులో, ఒడియా ఊళ్లలో ఒడియాలో ఇవ్వాలి. ప్రాజెక్టు ముగిశాక మొత్తం సారాంశాన్ని గ్రామసభలో చదివి వినిపించాలి. ఇప్పటికే ముగిసిన ప్రాజెక్టుల రిపోర్టులు ఎక్కడైనా అలమరాల్లో మూలుగుతూ ఉంటే వాటిని ముందు పంచండి. పంచే పని మేము చేస్తాం.

2. జిల్లాలోని ప్రభుత్వ, ప్రైవేటు ప్రయోగశాలలు క్రియాటినిన్ రిపోర్టు మీద వడపోత అంచనా కూడా తప్పనిసరిగా ముద్రించేలా జిల్లా యంత్రాంగం ఆదేశించాలి. కంప్యూటరులో ఒక సూత్రం చేర్చడం కంటే ఎక్కువ పని ఇందులో లేదు. ఈ లేఖలోని అన్ని కోరికల్లో ఖర్చు తక్కువ, ప్రాణాల లెక్కలో ఫలితం ఎక్కువ ఉన్నది ఇదేనని మా నమ్మకం.

3. ప్రచురించే ప్రతి వ్యాసంలో, నివేదికలో క్షేత్ర సిబ్బంది పేర్లు వారు చేసిన పనితో సహా, వారి అనుమతి తీసుకుని కృతజ్ఞతల్లో వేయాలి. ప్రశ్నావళి తయారీలో, అనువాదంలో, ఫలితాల విశ్లేషణలో పాలుపంచుకున్నవారికి చిత్తుప్రతి చదివి దిద్దే అవకాశమిచ్చి, రచయితల షరతులు తీర్చే వీలు కల్పించాలి.

4. జీతం, ప్రయాణ భత్యం నెలనెలా చెల్లించాలి. నిధులు పై నుంచి ఆలస్యంగా వస్తాయన్న సంగతి మాకు తెలుసు, కానీ ఆ ఆలస్యాన్ని భరించాల్సింది సంస్థే, నెలకింతని చీటీ కట్టుకునే సిబ్బంది కాదు. కిందటి ఏడాది అర్జీలో రాసిన బకాయిలు వెంటనే చెల్లించాలి. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంల చేత పరిశోధన పని చేయిస్తే దానికి వేరుగా పారితోషికం ఇవ్వాలి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు అంతర్జాతీయ పురస్కారం ఇచ్చినప్పుడు అభినందనలు తెలిపినవారందరూ ఈ మాట మన్నిస్తారని ఆశిస్తున్నాం.

5. సూది పట్టే ప్రతి ఒక్కరికీ, చేరిన మొదటి నెలలోనే హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టి మూడు మోతాదులూ పూర్తి చేయించాలి. పొరపాటున సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ నివారణ మందులు వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి గనుక ఏ ఆసుపత్రికి, ఎవరి దగ్గరికి వెళ్లాలో రాసిన కార్డు ప్రతి కిట్‌లో ఉండాలి.

6. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం పని మీద వెళ్లే చోటు, సంస్థ ఇచ్చిన వాహనం కూడా పని ప్రదేశమే. సంస్థలోని కమిటీ సభ్యుల వివరాలు, పదిమంది కంటే తక్కువ సిబ్బంది ఉన్న చోట జిల్లా స్థానిక కమిటీ వివరాలు శిక్షణ మొదటి రోజే కాగితం మీద ఇవ్వాలి. తెల్లవారుజాము పనికి ఇద్దరిద్దరిని కలిపి పంపాలి. దీని గురించి ఎక్కువ రాయం, అడిగితే ముఖాముఖి చెబుతాం.

7. చట్టం ప్రకారం రావలసిన 26 వారాల ప్రసూతి సెలవు కాంట్రాక్టు సిబ్బందికీ వర్తింపజేయాలి. మా జట్టులోంచి తొలగించిన ఆ అమ్మాయికి రావలసింది ఇప్పించాలి.

8. క్షేత్రంలో అనుభవం గడించిన ఆడవాళ్లకు పై చదువులకు దారి చూపాలి. పెళ్లి వల్లో పిల్లల వల్లో విరామం తీసుకున్న మహిళా శాస్త్రవేత్తల కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం నడిపే పథకాలు ప్రధానంగా పీజీ, డాక్టరేటు ఉన్నవారికే అందుతున్నాయి. డిప్లొమాతో, డిగ్రీతో ఆగిపోయినవారికి ఈ జిల్లాలోని విశ్వవిద్యాలయం, వైద్య కళాశాలలు కలిసి ప్రజారోగ్యంలో, గణాంకాల్లో ఒక కోర్సు పెట్టి, అందులో క్షేత్ర అనుభవానికి విలువ కట్టాలి. ఉద్దానంలో పుట్టి, ఇక్కడి భాష మాట్లాడే ఆడపిల్ల ఇక్కడి జబ్బు మీద ప్రధాన పరిశోధకురాలు కావడానికి ఇంకెన్నేళ్లు పడుతుందో ఆ కోర్సు ఎంత త్వరగా మొదలవుతుందన్నదాన్ని బట్టే ఉంటుంది.

9. ఈ ఏడాది ఫిబ్రవరి 11 సభకు ముఖ్య అతిథి ప్రసంగాన్ని కాస్త తగ్గించి, వివిధ మండలాల నుంచి క్షేత్ర సిబ్బంది ముగ్గురు తాము చూసినది, నేర్చుకున్నది సభ ముందు చెప్పే ఏర్పాటు చేయాలి. మాకు శాలువాలు వద్దు. మేము చెప్పేది విని, రాసుకుని, ప్రశ్నలు వేయడానికి పరిశోధకులు ముందు వరుసలో కూర్చుంటే చాలు.

ఈ లేఖకు జనవరి నెలాఖరులోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. ఒక్కో కోరికకూ అవునో కాదో, కాదంటే ఎందుకు కాదో రాయండి. జవాబు నకలును ఏడు మండలాల్లోనూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నోటీసు బోర్డుల్లో పెట్టించండి. నమూనాలు ఇచ్చిన జనం అక్కడికే వస్తారు, వాళ్లకూ ఇందులో వాటా ఉంది. గడువులోగా జవాబు రాకపోతే కొత్త ప్రాజెక్టుల శిక్షణకు వచ్చిన మొదటి రోజే, ఫలితం ఎప్పుడు ఇస్తారో రాతలో చూపేదాకా ఏ ఇంటి గుమ్మంలోనూ ‘రిపోర్టు తెచ్చి ఇస్తాం’ అన్న మాట మేము చెప్పబోమని ఇప్పుడే తెలియజేస్తున్నాం.

ఇట్లు,
ఉద్దానం ఏడు మండలాల్లో ఆరోగ్య పరిశోధనల్లో పనిచేసిన మహిళా క్షేత్ర సిబ్బంది తరఫున,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
కంచిలి మండలం, శ్రీకాకుళం జిల్లా